సున్నా, చుక్క

మా అత్తవారింటి వంటగదిలో టమాటా తెగే కత్తి ఒక్కటీ లేదు. కాపురానికి వచ్చిన మర్నాడే ఆ సంగతి తెలిసి నాకు నవ్వాగలేదు. ఇంటి వెనకాలే కొలిమి. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే ఆడవాళ్ళ చేతుల్లో చాలావరకు ఆ కొలిమిలో కొట్టిన కత్తులే ఉంటాయి. ఇంట్లోనేమో ఎంత నొక్కినా టమాటా రసమవుతుంది తప్ప ముక్కలవదు. మా తోటికోడలు హిమబిందక్క నా పక్కన చేరి, "కమ్మరోళ్ళింట్లో కాపురమంటే ఇదే సత్యా. పళ్ళతో కొరికితే తెగుద్ది గాని దీంతో తెగదు" అంది.

నాన్నది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో ఉక్కునగరం చేరాడు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడి క్వార్టర్లలోనే. నాన్న పనిచేసే చోట ఉక్కు ఏరులా పారుతుందని విన్నాను గానీ, ఆ ఉక్కు ఒక వస్తువుగా మారడం ఏనాడూ చూడలేదు. ఇక్కడ పాత లారీ కమాన్ కట్ట ముక్క పొద్దున కొలిమిలోకి వెళితే మధ్యాహ్నానికి కత్తయి బయటికొస్తుంది. కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి అదే చూసేదాన్ని. మా ఆయన ఉమాశంకర్ కొలిమి దగ్గర్నుంచి లేచి వచ్చేసరికి కనురెప్పలకి మసి పట్టి కాటుక దిద్దినట్టుండేది. కడుక్కోనిచ్చేదాన్ని కాదు. సాయంత్రం ఆ కాటుక కళ్ళతోనే నన్ను బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళి మరమరాలతో కలిపే మురీ మిక్చర్ తినిపించేవాడు. నిమ్మకాయ ఎక్కువ పిండమని నేను, చాలని అతను. ఆ రోజుల్లో మా మధ్య పెద్ద తగువు అదే.

సముద్రంలో వేట నిషేధం మొదలైన వారమే మా కాపురమూ మొదలైంది. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉండే ఆ రెండు నెలలూ హార్బర్‌కి సెలవు, మా ఇంటికి కాదు. చేపలు కోసేవాళ్ళకి కత్తులు బాగుచేయించుకునే తీరిక దొరికేది అప్పుడే. దానికి తోడు ఆవకాయ రోజులు. మామిడికాయని టెంకతో సహా నరికే కత్తులు కావాలంటూ జనం మా సందు వెతుక్కుంటూ వచ్చేవారు. మావయ్యగారు శ్రీరామ్మూర్తి పట్టకారుతో ఎర్రటి ఇనుమును తెచ్చి దాగలి అనే ఇనప దిమ్మ మీద పెడితే, బావగారు సాయిశంకర్ సమ్మెటతో సాగగొట్టేవారు. పదును పెట్టడం ఉమ పని, మా ఆయన్ని ఇంట్లో అందరూ పిలిచేది అలాగే. అన్నిటికన్నా చివర ముద్ర. కత్తి మొదలు మాత్రం మళ్ళీ ఎర్రగా కాల్చి బావగారు సున్నా అచ్చు పెట్టి ఒక దెబ్బ వేసేవారు. ఆ సున్నా నడుమ ఉమ చుక్క అచ్చు పెట్టి ఇంకో దెబ్బ. ఠంగుమని ఒకటి, టిక్కుమని ఒకటి. చూస్తే అచ్చం చేప కన్ను. ఆ కన్ను లేని కత్తిని హార్బర్‌లో ఎవరూ ముట్టరు.

డిగ్రీలో నేను చరిత్ర చదివాను. ఇంట్లో ఇంత చరిత్ర పెట్టుకుని కొలిమి ముందు ఒక బోర్డయినా లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది. బోర్డు రాయిద్దాం, ఫోన్లో ఒక పేజీ పెడదాం అని బయల్దేరాను. బయల్దేరాక గానీ తెలియలేదు, ఆ ఇంట్లో మనుషులెందరో చరిత్రలూ అన్ని ఉన్నాయని.

మావయ్యగారి ప్రకారం ఆయన తాత ఎల్లాజీ బొబ్బిలి వైపు నుంచి కాలినడకన వచ్చాడు. హార్బరు తవ్వుతున్న రోజులవి, గునపాలకి మొనలు తీర్చేవాళ్ళు కావలసి వచ్చారట. కత్తి మీద సున్నా కొట్టింది ఆయనే. ఆ సున్నా కొట్టి ఎవరో దొంగ కత్తులు అమ్మితే, ఎల్లాజీ కొడుకు అందులో చుక్క చేర్చాడు. మా అత్తయ్య చిట్టెమ్మ ఆ నడకంతా అబద్ధమని కొట్టిపారేసింది. ఎడ్లబండి మీద వచ్చారట. సున్నా అంటే సింహాద్రి అప్పన్న చందనం బొట్టట. ఉమ మాత్రం సున్నా విరిగిన గొట్టం ముక్క, చుక్క అరిగిపోయిన మేకు, అంతకు మించి ఏమీ లేదని తేల్చేశాడు. బావగారిని అడిగితే సమ్మెట దించకుండానే, "ఎల్లాజీ అన్నదమ్ముడితోటి తగువాడి, కత్తందుకుని వొచ్చినాడు. ఆ మాట ఈ ఇంట్లో ఎవులూ సెప్పరు" అన్నారు.

నాకు ఆ మాట భలే నచ్చింది. కత్తి అందుకోవడమంటే పని అందుకోవడమే కదా, కలం పట్టాడు, నాగలి పట్టాడు అన్నట్టు. 'ఎల్లాజీగారు కత్తి అందుకున్న నాటి నుంచి మీ సేవలో' అని అందంగా రాసి ఉమకి చూపించాను. ఉమ చదివి, కాసేపు నా ముఖం చూసి, అక్షరాలు బాగున్నాయి గానీ ఇది నాన్నకి చూపించకు అన్నాడు. ఎందుకో అడిగేలోపు కొలిమిలోంచి పిలుపొచ్చింది.

బావగారి కుడి భుజం అప్పటికే సరిగా పైకి లేవడం లేదు. అన్నం తినేటప్పుడు మోచేతిని మోకాలి మీద ఆనించుకునేవారు. సమ్మెట బదులు కరెంటుతో కొట్టే మిషను పెడదామని ఆయన ఎన్నోసార్లు అడిగారట. మిషను చప్పుడులో ఇనుము చెప్పే మాట వినబడదని మావయ్యగారు ఒప్పుకోలేదు. ఇక ఆ ఊసు ఎవరూ ఎత్తరు. భోజనాల దగ్గర పప్పు గురించి, ఎండ గురించి, పక్కింటివాళ్ళ కొత్త ఏసీ గురించి అందరూ చక్కగా మాట్లాడుకునేవారు. నాకు ఆ ఇల్లు ప్రపంచంలోకెల్లా ప్రశాంతమైన ఇల్లనిపించేది.

ఒక ఉదయం బావగారు ఆటోనగర్ బయల్దేరారు. హోటళ్ళకి సామాన్లు సరఫరా చేసే ఒకాయనకి నమూనాగా చూపించాలని ఒక కత్తి ఉమ చేత ప్రత్యేకంగా పదును పెట్టించారు. తీరా బండెక్కాక ఆ కత్తి కొలిమిలోనే ఉండిపోయింది. ఉమ దాన్ని దాగలి మీద పెట్టి, "కత్తి ఇక్కడుందని అన్నియ్యకి సెప్పు" అన్నాడు.

చెప్పడమెందుకు, ఇచ్చేస్తే పోలా అనుకున్నాను. కుచ్చిళ్ళు ఎగ్గట్టి, గాజులు గలగలమంటుంటే వీధిలోకి పరుగెత్తాను. మర్యాదగా పిడి ఆయన వైపు తిప్పి కత్తి చాపాను. బావగారు కత్తిని చూశారు, నన్ను చూశారు. బండి ఇంజను ఆపారు. చెయ్యి చాపి కత్తి అందుకున్నారు. గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని, మళ్ళీ బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తయ్య, చేతిలో బియ్యం చేట. ఆవిడ బియ్యంలోకి చూస్తూ లోపలికి వెళ్ళిపోయింది. కొలిమిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి హిమబిందక్కే విడమరిచి చెప్పింది. ఈ ఇంట్లో అన్నదమ్ములు ఒకరి చేతిలోంచి ఒకరు కత్తి తీసుకోరు. ఒకరు దాగలి మీద పెడితే ఇంకొకరు అక్కణ్ణుంచి తీసుకోవాలి. చేతిలోంచి చేతికి అందించేది ఒక్కసారే, వేరుపడేటప్పుడు. ఎల్లాజీ అన్నగారు అలాగే ఇచ్చాడు, ఎల్లాజీ అందుకున్నాడు, ఆ పొద్దే ఊరు విడిచాడు. వాళ్ళ మాటల్లో కత్తి అందుకున్నాడంటే వేరుపడ్డాడని. నేను బోర్డు మీద రాయబోయింది ఏమిటో అర్థమై చెవులు వేడెక్కాయి.

"కానీ కత్తి ఇచ్చింది నేను కదక్కా, ఆయన తమ్ముడు కాదు కదా" అన్నాను.

"పెళ్ళాం సెయ్యి మొగుడి సెయ్యి కాదేటి" అంది హిమబిందక్క. ఆ మాటంటున్నప్పుడు ఆమెకి కోపంగా ఉందో సంతోషంగా ఉందో నేను పోల్చుకోలేకపోయాను. కళ్ళు తుడుచుకుంటోంది, పెదవి మాత్రం నవ్వును ఆపుకుంటోంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఆ సంగతే మాట్లాడారు, నా పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. కోడలి చెయ్యి లెక్కలోకి రాదని అత్తయ్య. పెళ్ళయి పదహారు రోజుల పండగ దాటితే వస్తుందని మావయ్యగారు. పిడి ముందుకు చాపితే అడిగితే ఇచ్చినట్టు, మొన చాపితే పొమ్మన్నట్టు అని మళ్ళీ అత్తయ్య. పిడే చాపానని నేను నోరు తెరవబోతే ఉమ నా కాలు తొక్కాడు. నా కళ్ళ ముందు నా గురించే కోర్టు నడుస్తోంది, నేను చేసింది నేరమో కాదో జడ్జీకే తెలియడం లేదు.

గదిలోకి వచ్చాక ఉమ ఒక్కటే అడిగాడు.

"అన్నియ్య బండి ఆపినాడా, ఇంజను నడుత్తుండగానే అందుకున్నాడా?"

ఆపారని చెప్పాను. ఉమ మంచం అంచున కూర్చుని తలూపాడు. ఆ తర్వాత చాలాసేపు ఆకురాయితో తన బొటనవేలి గోరు అరగదీసుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం బావగారు రాగానే ఎదురు వెళ్ళాను. నాకు తెలియక చేశాను, ఆ కత్తి తిరిగి దాగలి మీద పెట్టేయండి, ఏమీ జరగనట్టే ఉంటుంది అని బతిమాలాను. ఆయన హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, చెప్పులు విడిచి, అన్నీ నిదానంగా చేశారు.

"నువ్వియ్యకపోతే నాకెవులిత్తారమ్మా" అన్నారు చివరికి.

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టి రెండు నెలలైనా కాలేదు. నావల్ల ఇల్లు విడిపోయిందా, లేక ఎప్పుడో విడిపోయిన ఇంటికి నేను తలుపు తీశానా. ఎటు ఆలోచించినా తేలేది కాదు.

పంపకం రోజు మావయ్యగారు పెద్దమనుషులెవరినీ పిలవలేదు. రెండు అచ్చులూ దాగలి మీద పెట్టి, పెద్దవాడివి ముందు తియ్యి అన్నారు. బావగారు సున్నా తీసుకున్నారు. ఉమకి చుక్క మిగిలింది. సమ్మెట, తిత్తి, పట్టకార్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంటి ఆస్తంతా ఆ రెండు చిన్న ఇనప ముక్కలే అన్నట్టు వాటివైపే చూస్తూ నిలబడ్డారు.

నేను ఉండబట్టలేక, మీరంతా కమ్మరులే కదా మావయ్యగారూ, ఇంకో సున్నా, ఇంకో చుక్క ఈ పూటే చేసుకుంటే ఇద్దరికీ రెండేసి ఉంటాయి కదా అన్నాను. నాకది ఎంత తేలిక లెక్కో.

మావయ్యగారు నా వైపు కోపంగా కాదు, జాలిగా చూశారు. "సెయ్యొచ్చమ్మా. అది దొంగ ముద్రవుద్ది" అన్నారు.

బావగారు, హిమబిందక్క ఆటోనగర్ దగ్గర ఇల్లు తీసుకున్నారు. వెళ్ళే ముందు నేనూ అక్కా కలిసే ఆవకాయ పెట్టాం. ఇద్దరం మామిడి ముక్కలు తుడుస్తూ, ఎవరి జాడీలోకి ఏ ముక్క వెళ్ళాలో చూసుకోకుండా నింపేశాం. వెళ్ళిపోయాక వంటగది ఎంత పెద్దదో తెలిసింది. నేను ఏదైనా చెప్పి నవ్వితే ఆ నవ్వు గోడకి తగిలి తిరిగొచ్చేది.

జూన్‌లో వేట మొదలైంది. బోట్లు నిండుగా వచ్చాయి. హార్బర్ నుంచి ఐసు నీళ్ళు కారుకుంటూ ఆటోలు మా సందు చివర నుంచే పోయేవి. మా కత్తులు మాత్రం కదల్లేదు. చుక్క ఒక్కటే ఉన్న కత్తిని ఆడవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేటి బాబూ ఈగ వాలినట్టుంది అని కింద పెట్టేసేవారు. ఆటోనగర్‌లోనూ అదే గతని హిమబిందక్క ఫోన్లో చెప్పింది. అక్కడి సున్నాని చూసి గుడ్డికన్ను అంటున్నారట. బావగారు పెట్టుకున్న మిషను రోజంతా కొడుతూనే ఉందట, కొనేవాళ్ళు లేరట.

మావయ్యగారు పొద్దున్నే అలవాటుగా కొలిమిలో నిప్పు వేసినా, ఇనుము పెట్టడం మానేశారు. చాప వేసుకుని దాగలి పక్కనే పడుకునేవారు. ఉమ పోర్టు దగ్గర కంటైనర్ యార్డులో మనుషుల్ని తీసుకుంటున్నారట అని ఒకరోజు, వెళ్ళి కనుక్కొచ్చానని ఇంకోరోజు చెప్పాడు. సోమవారం నుంచి రమ్మన్నారు. షిఫ్టు ఉద్యోగమంటే నాకు కొత్త కాదు, మా నాన్న బతుకంతా అదే. అయినా ఉమ కనురెప్పలు శుభ్రంగా ఉండటం చూస్తే నాకు ఏడుపొచ్చేది. అతను సోమవారం వెళ్ళాడంటే మావయ్యగారు ఒక్కరే కొలిమి నడపలేరని మా అందరికీ తెలుసు. ఎల్లాజీ నుంచి వచ్చిన పని అక్కడితో సరి. బీచ్ రోడ్డుకి వెళ్దామని అతనూ అనలేదు, నేనూ అడగలేదు.

శనివారం పొద్దున్న గురువమ్మ వచ్చింది. హార్బర్‌లో చేపలు కోసే ఆడవాళ్ళకి ఆవిడే పెద్ద. చీర కొంగు నడుముకి బిగించి, గుమ్మం దిగీ దిగకుండానే కత్తి తీసి చూపించింది. బావగారి కత్తి. సున్నా ఉంది, లోపల ఏమీ లేదు.

"కన్ను మీ అన్న కాడ కొన్నాను. పాప నువ్వెయ్యి" అంది ఉమతో.

ఉమ తడబడ్డాడు. అది అన్నయ్య సరుకు, మేం వేరుపడ్డాం, దాని మీద నేను చెయ్యి వేయకూడదు అని ఏదో చెప్పబోయాడు.

"మీరు ఏరుపడితే మీ కంచాలు ఏరెట్టుకోండి. నా కత్తినెందుకు ఏరు సేత్తారు?" అంది గురువమ్మ. గొంతేమీ పెంచలేదు. పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది, పని అయ్యేదాకా లేచేది లేదన్నట్టు.

ఉమ తండ్రి వైపు చూశాడు. మావయ్యగారు చాప మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. కాసేపటికి చెయ్యి మాత్రం చాపి తిత్తి తాడు లాగారు. బొగ్గుల్లో ఎర్రదనం పాకింది.

వాదర పదును పోకుండా తడిగుడ్డ చుట్టి, కత్తి మొదలు మాత్రమే ఎర్రబడేలా ఉమ దాన్ని నిప్పులో పెట్టాడు. చుక్క అచ్చు సున్నా నడుమ ఆనించాడు. అన్న కొట్టిన సున్నా కదా, మిల్లీమీటరు అటూ ఇటూ అయినా మెల్లకన్నవుతుందని ఊపిరి బిగబట్టాడు. టిక్కుమంది. గురువమ్మ కత్తిని వెలుతురులోకి తిప్పి, దాన్ని చూసి, మావయ్యగారి వీపుని చూసి వెళ్ళిపోయింది.

మర్నాటికి ఇంకో ఇద్దరు వచ్చారు. సోమవారం పొద్దున ఉమ యార్డుకి వెళ్ళడానికి ప్యాంటూ షర్టూ వేసుకుని బయటికొచ్చేసరికి సందులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్ళోనూ ఆటోనగర్‌లో కొత్తగా కొన్న గుడ్డికళ్ళు. ఉమ షర్టు విప్పి నా చేతికిచ్చాడు. అదే వారం మా చుక్క కత్తులు కూడా కొనుక్కుని, ఆడవాళ్ళు సున్నా కోసం ఆటోనగర్ బస్సెక్కడం మొదలుపెట్టారు. హిమబిందక్క ఫోన్ చేసి, మీ ఈగలన్నీ మా ఇంటి మీద వాలుతున్నాయి సత్యా అని పగలబడి నవ్వింది.

అప్పటి నుంచీ నాకు తలాతోకా తెలియడం లేదు. మేం వేరుపడ్డామా, కలిసి ఉన్నామా. అన్నదమ్ములు ఇప్పటికీ నేరుగా మాట్లాడుకోరు, ఒకరి కత్తి మీద ఒకరు రోజూ దెబ్బ వేస్తారు. అన్నయ్య సున్నా ఈమధ్య కొంచెం ఎడమకి ఒరుగుతోంది, భుజం నొప్పి తగ్గలేదేమో అని ఉమ కత్తిని చూసి చెబుతాడు. నిజమా అని నేను ఫోన్ చేసి అడిగితే, ఎలా తెలిసిందని హిమబిందక్క ఆశ్చర్యపోతుంది. వేరుపడినట్టే లెక్క అని మావయ్యగారు, ఎక్కడ పడ్డారు అని అత్తయ్య. నేను చదివిన చరిత్రలో రాజ్యాలు చీలడం ఉంది, కలవడం ఉంది. ఇలా రెండూ ఒకేసారి జరగడం ఏ పాఠంలోనూ లేదు.

హార్బర్‌లో మాత్రం వాళ్ళకి కావలసిన పేర్లు వాళ్ళు పెట్టేసుకున్నారు. ఆటోనగర్‌వాళ్ళు సున్నాలోళ్ళు, మేం సుక్కలోళ్ళం. నిన్న సంతకవిటి నుంచి కొత్తగా వచ్చి హార్బర్‌లో పనికి చేరిన ఒకమ్మాయి మా గుమ్మంలో నిలబడింది. తిత్తి తాడు నా చేతిలో ఉంది. మావయ్యగారికి దగ్గు పట్టుకోవడంతో నాలుగు రోజులుగా అది నా పని. ఒళ్ళంతా మసి. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి అడిగింది.

"నువ్వు సున్నాలోల్ల కోడలివా, సుక్కలోల్ల కోడలివా?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. బొగ్గులు చల్లారిపోతున్నాయి.

"నాకేటి తెలుసు, ఆ కత్తి ఇలాగియ్యి" అన్నాను, నాకు తెలియకుండానే వాళ్ళ యాసలో.

ఉమ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి నా వైపు తిరిగాడు.

"ఏటన్నావు? మల్లీ అను" అన్నాడు.